గ్రావిటీ లేదట, మరి నీళ్ళెట్ల వస్తయ్?

శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి చేరిన రోజు, అంటే 2025 జూన్ 26 సాయంత్రం, మా మేనమామ ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"అల్లుడా, ఆడ గ్రావిటీ లేదంటున్నరు గద, మరి నీళ్ళెట్ల వస్తయ్?"

దేశమంతా ఆ రోజు గర్వపడుతోంది. 1984లో రాకేశ్ శర్మ తర్వాత 41 ఏళ్ళకు మనవాడొకడు పైకి పోయాడని, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడని (అడుగు పెట్టడం అక్కడ కుదరదు, తలతో దూరాడు అనాలి) టీవీలన్నీ ఊగిపోతుంటే, దేవరకొండ అవతల బత్తాయి తోట మధ్యలో నిలబడి నీళ్ళ సంగతి అడిగినవాడు బహుశా ఈయనొక్కడే. నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికేవాడిని కాబట్టి బాధ్యతగా చెబుతున్నాను, ఆ రోజు అడగాల్సిన ప్రశ్న నిజానికి అదొక్కటే.

ఇది బయటివాళ్ళకు అర్థం కావాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మిగతా ప్రపంచానికి గ్రావిటీ న్యూటన్ చెప్పిన మాట. మాకది ఇరిగేషన్ మాట. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో బడి మొహం చూడని ముసలమ్మ కూడా "కాలువ గ్రావిటీనా, లిఫ్టా?" అని అడుగుతుంది. గ్రావిటీ అంటే నీళ్ళు వాటంతటవే నడిచి రావడం. లిఫ్టు అంటే మోటరు, కరెంటు, టెండరు, ధర్నా, శంకుస్థాపన, ప్రభుత్వం మారాక మళ్ళీ శంకుస్థాపన. ఒకే జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వాళ్ళు గ్రావిటీ ఉన్నోళ్ళు, దేవరకొండ, మునుగోడు వైపు మేం గ్రావిటీ లేనోళ్ళం. పిల్లనిచ్చే ముందు పెద్దలు అబ్బాయి ఉద్యోగం అడిగి, ఆ వెంటనే గొంతు తగ్గించి, పొలం గ్రావిటీ కిందేనా అని అడుగుతారు. ఐన్‌స్టీన్ కూడా గ్రావిటీని ఇంత సీరియస్‌గా తీసుకుని ఉండడు.

అందుకని చాలా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. దక్షిణ తెలంగాణకు జరిగిన అన్యాయాల్లో ఏ వన్ ముద్దాయి గురుత్వాకర్షణ. పార్టీలు, ప్రభుత్వాలు, ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం, వీళ్ళంతా ఏ టూ నుంచి మొదలవుతారు. కృష్ణా నది తెలంగాణలోకి వచ్చేదే మా పాలమూరు గడప తొక్కి. వచ్చి, పలకరించి, లోయలోకి దిగి, తన దారిన తను కిందికి వెళ్ళిపోతుంది. మా పొలాలేమో పైన, పీఠభూమి మీద. కంటికి కనబడే నది, చేతికి అందని నీళ్ళు. అందుకే కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్, పాలమూరు-రంగారెడ్డి, ఇటు నల్గొండ వైపు పుట్టంగండి, ఎన్ని పేర్లు పెట్టినా అన్నీ గ్రావిటీ మీద వేసిన కేసులే. నాసా వాళ్ళు ఆ కేసును రాకెట్లతో వాదిస్తారు, మేం పంపులతో వాదిస్తున్నాం. వాయిదాలు మాత్రం మాకే ఎక్కువ.

కాలువలు పక్కన పెట్టండి. న్యూటన్ కళ్ళ ముందు ఆపిల్ పడితే శాస్త్రం పుట్టింది. మా మామ తోటలో ప్రతి సీజన్‌కూ బత్తాయి కాయ రాలి పడితే అప్పు పుట్టింది. రేపోమాపో కోతకొస్తుందనుకున్న కాయ టప్పుమని పడే చప్పుడుకు మా మామ నిద్రలో కూడా లేచి కూర్చుంటాడు. తాటిచెట్టు మీద మోకు జారిన గీత కార్మికుడికి భూమ్యాకర్షణ గురించి ఏ సైంటిస్టు వచ్చి పాఠం చెప్పాలి? ఇన్ని రకాలుగా నష్టపోయిన ప్రాంతానికి మైక్రోగ్రావిటీ (బరువు తెలియని చోటి) పరిశోధనలో వాటా ఎందుకు లేదని నేను సభ్యసమాజాన్ని అడుగుతున్నాను. అడగడం మాకు కొత్త కూడా కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ళ గోడు ఢిల్లీకి వినబడాలని నల్గొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది, చివరికి ఢిల్లీకి వినబడింది కూడా. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేశారు. మేం అడిగింది నీళ్ళు, పెరిగింది డిపాజిట్.

ఇక ఫోన్‌లో మా మామకు నేను చెప్పిన సైన్సు.

"గ్రావిటీ లేదనేది తప్పు మామా. కేంద్రం ఉన్నది నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో. అక్కడ కూడా నూటికి తొంబై వంతుల దాకా గ్రావిటీ ఉంటది."

"మరి టీవీల గాల్లో తేల్తున్నరు గద?"

"చేంతాడు తెగిన బొక్కెన గుర్తు తెచ్చుకో. నీళ్ళకు తగిలేదాకా బొక్కెన, దాంట్ల నీళ్ళు, ఆ నీళ్ళల్ల కప్ప, అన్నీ ఒక్క తీరుగ పడ్తుంటయ్. కప్ప బరువు బొక్కెనకు తెల్వది. అంతరిక్ష కేంద్రం అట్లాంటి బొక్కెన. నాలుగు వందల ఇరవై టన్నులది. గంటకు 28,000 కిలోమీటర్ల స్పీడుతో పక్కకు ఉరుకుతుంటది కాబట్టి అది ఎంత కిందికి పడ్తే భూమి అంత వంగి తప్పుకుంటది. అడుగు తగలదు. 2000 నవంబర్ 2 నుంచి ఒక్కరోజు గూడ దాంట్ల మనిషి లేకుంట లేదు. అంటే పాతికేళ్ళ సంది మనుషులతోటి పడ్తనే ఉంది."

మా మామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "సమజైంది. పడ్తనే ఉన్నరు గని పడలేదు. మా కాలువ వస్తనే ఉంది గని రాలేదు. గదే లెక్క."

ఇన్నేళ్ళుగా పిల్లలకు కక్ష్య అంటే ఏమిటో చెబుతున్నాను. ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాడిని చూడలేదు.

ఆయన చెప్పిన కాలువకు నీళ్ళు సొరంగంలోంచి రావాలి. శ్రీశైలం నుంచి నల్గొండకు మోటరు లేకుండా, గ్రావిటీ మీదనే నీళ్ళు తెచ్చే సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లు. మా జీవితంలో ఒక్కసారైనా గ్రావిటీ మా పక్షాన పనిచేస్తుందని నమ్మింది దాని మీదే. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర అది కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల ఉండిపోయారు. దాని దగ్గర నాకు వెటకారం రాదు. పక్క సంగతికి పోతాను.

నీళ్ళ సంగతి. దాటవేద్దామని చూశాను కానీ మా మామ వదల్లేదు. చివరికి చెప్పేశాను: చెమట, ఊపిరిలో తడి, మూత్రం, మొత్తం పట్టి, శుద్ధి చేసి, మళ్ళీ తాగుతారు. వాడిన నీటిలో 98 శాతం తిరిగి రాబట్టగలిగామని 2023లో నాసా ప్రకటించింది. అవతల నిశ్శబ్దం. దూరం నుంచి మా అత్తమ్మ గొంతు, "ఏందట?" అని. మామ ఫోను పక్కకు పెట్టి చెప్పడం వినబడింది, "ఎవరిది వాళ్ళే తాగుతరట." అత్తమ్మ, "ఎవరిది వాళ్ళకేనా, అందరిది కలిపా?" అని అడిగింది. శాస్త్రీయమైన ప్రశ్న. కలిపే. అమెరికా విభాగం యంత్రంలో దేశాల తేడా లేదు, అంతర్జాతీయ సహకారం అంటే అదే.

ఇక్కడ మా జిల్లా ప్రతిష్ఠ గురించి ఒక మాట చెప్పుకోకపోతే తప్పవుతుంది. నీటి శుద్ధిలో మాకు ప్రపంచ ఖ్యాతి ఉంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, కాసేపు వదిలేస్తే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగుకు చేరుతుంది, పైన తేట తీసుకుంటాం. ఆఫ్రికా దేశాల్లో కూడా ఇదే పేరుతో చదువుకుంటారు. పటికకు, సున్నానికి మా ఊరి పేరు లేదు కానీ రోగానికీ వైద్యానికీ కలిపి మా జిల్లా పేరు ఉండిపోయింది. ఈ టెక్నిక్‌ను అంతరిక్షానికి పంపుదామంటే కుదరదు. మడ్డి అడుగుకు చేరాలంటే ముందు అడుగు అనేది ఉండాలి కదా. మా జిల్లాకు గ్రావిటీ ఉపకారం చేసిన ఒకే ఒక్క చోటు ఇదేనేమో, దాన్ని కూడా నేను ఇష్టం లేకుండానే ఒప్పుకుంటున్నాను.

అందుకే అక్కడ వాళ్ళు ఇంకో పని చేస్తారు. మామూలుగా నీళ్ళు మరిగితే ఆవిరి పైకి పోతుంది, నీళ్ళు కింద ఉంటాయి. కిందామీదా లేని చోట ఆవిరీ నీళ్ళూ కలిసి నురగలాగా ఉండిపోతాయి. కాబట్టి మూత్రాన్ని ఒక డ్రమ్ములో పోసి, గాలి ఒత్తిడి తగ్గించి, డ్రమ్మును గిర్రున తిప్పుతారు. తిప్పుడుకు నీళ్ళు గోడకు కరుచుకుంటాయి, ఆవిరి మధ్యలోంచి బయటికొస్తుంది. ఇది చెప్పగానే మా మామ గొంతులో వెలుగు వచ్చింది.

"అంటే ఆడ గూడ మోటరే!"

"మోటరే మామా."

"గ్రావిటీ ఉంటే మనకు మోటరు, లేకుంటే వాళ్ళకు మోటరు. మోటరు తప్పదు అల్లుడా."

ఆ తర్వాత నేను ఆయనకు 2009 కథ చెప్పాను. ఆ మూత్రం యంత్రం పెట్టిన కొత్తలో మొరాయించింది. ఎందుకో చూస్తే లోపల సున్నం లాంటి కాల్షియం సల్ఫేట్ పేరుకుంది. భూమి మీద పరీక్షల్లో లేనంత కాల్షియం అక్కడ ఎక్కడిదంటే, వ్యోమగాముల ఎముకల్లోది. మోయాల్సిన బరువు లేకపోతే ఎముక తనను తాను కరిగించుకుంటుంది, నడుము, తుంటి దగ్గర నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. కరిగింది రక్తంలోకి, రక్తంలోంచి మూత్రంలోకి, మూత్రంలోంచి యంత్రంలోకి. బోరు మోటరు పైపులో సున్నం గట్టి ఫౌండేషన్‌లాగా పేరుకుపోవడం చూసినవాడు మా మామ, వెంటనే అర్థమైంది. "యాసిడ్ పోసి కడిగిన్రా?" అని అడిగాడు. ఇంజినీర్లు ఏం పోశారో అంత వివరంగా నేను చదవలేదని ఒప్పుకోవలసి వచ్చింది, ఫిజిక్స్ వాడికి చిన్న అవమానమే.

ఎముకల మాట వచ్చింది కాబట్టి. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకను కరిగించవు, తోడుకుని బిగించేస్తాయి. మర్రిగూడ వైపు వంగిన నడుములు, ముడుచుకున్న కాళ్ళు చూసినవాడెవడూ ఆ విషయంలో జోకు వేయడు. నేను చెప్పేది పాలమూరు లేబర్ గురించి. ఎముక నిలవాలంటే బరువు పడాలి అనేది సిద్ధాంతం అయితే, అందుకోసం అంతరిక్ష కేంద్రంలో ప్రతి మనిషీ రోజుకు రెండు గంటలకు పైగా కసరత్తు చేస్తారు. బరువే లేని చోట బరువు ఎత్తడానికి గాలి తీసేసిన సిలిండర్లతో ఒక యంత్రం పెట్టారు, దాంతో 270 కిలోల దాకా ఎత్తిన లెక్క చూపించవచ్చు. ట్రెడ్‌మిల్ మీద నడుముకు రబ్బరు పట్టీలు కట్టి కిందికి లాగిపెట్టి ఉరుకుతారు. అంత ఖర్చెందుకు? మా గుంపు మేస్త్రీని ఒక్కడిని పంపితే చాలు. దేశంలో ఎన్ని డ్యాములకు, ఎన్ని రోడ్లకు మట్టి మోసినవాళ్ళు మావాళ్ళు. తట్టలో బరువు ఉందా లేదా అన్నది వాళ్ళు అడగరు, అడ్వాన్సు ఎంత అని మాత్రమే అడుగుతారు. ఎవరికోసమో నీళ్ళు ఎత్తే కట్టడాలు కట్టి, ఇంటికొచ్చి బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడటం అనే ప్రయోగాన్ని మేం తరాల తరబడి చేశాం. ఫలితాలు ఏ పత్రికా ప్రచురించలేదు.

వ్యవసాయానికి వద్దాం. శుక్లా తీసుకుపోయిన భారతీయ ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది పెసలు, మెంతులు మొలకెత్తించడం. ధార్వాడ్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, అక్కడి ఐఐటీ వాళ్ళు కలిసి చేసింది. చిన్న గాజు పళ్ళెంలో గింజలు, నీళ్ళు, మొలకలు రాగానే ఫ్రీజర్‌లోకి. తిరిగొచ్చాక వాటి జన్యువులు, పోషకాలు, వాటి మీది సూక్ష్మజీవులు ఏమయ్యాయో చూడాలని వాళ్ళ ఆలోచన. మొత్తం ఆ ప్రయాణానికి మన దేశానికి 550 కోట్ల దాకా అయిందని పత్రికల్లో వచ్చింది. ఈ రెండు విషయాలూ ఒకే గుక్కలో మా అత్తమ్మకు చెప్పడం నా పొరపాటు.

"పెసర్లు మొలిపియ్యనీకెనా?" అంది. "తడి గుడ్డల కట్టి పెడ్తే తెల్లారేసరికి మొలుస్తయ్. నన్నడిగితే నేను చెప్పకపోదునా?"

అత్తమ్మా, ఆ తడి గుడ్డే అక్కడ సమస్య అని చెప్పాను. 2013లో కెనడాలో ఇద్దరు బడి పిల్లలు ఒక ప్రశ్న పంపారు, అంతరిక్షంలో తడి గుడ్డ పిండితే ఏమవుతుందని. క్రిస్ హ్యాడ్‌ఫీల్డ్ అనే వ్యోమగామి కెమెరా ముందు పిండి చూపించాడు. నీళ్ళు కింద పడలేదు. గుడ్డ చుట్టూ గొట్టంలాగా అల్లుకుని, అక్కడి నుంచి చేతుల మీదికి జెల్లీలాగా పాకాయి. గ్రావిటీ లెక్క తగ్గగానే తలతన్యత (నీటి పైపొర బిగువు) పెత్తనం మొదలవుతుంది, నీళ్ళు దేన్ని తాకితే దాన్ని పట్టుకుని వేలాడతాయి. మొక్కకు కూడా ఇదే గతి. వేరు చుట్టూ నీళ్ళు బంతిలాగా పట్టుకుని వదలవు, వేరుకు గాలి ఆడక ఊపిరి ఆగిపోతుంది. అక్కడ పంట పండించేవాళ్ళ పెద్ద తలనొప్పి అదే.

"నీళ్ళు ఇడుస్తలెవ్వని ఏడ్చేటోళ్ళను ఇప్పుడే సూస్తున్న," అన్నాడు మామ.

టమాట కథ ఇంకా బాగుంటుంది. ఫ్రాంక్ రూబియో అనే ఆయన 2022 సెప్టెంబర్ నుంచి 371 రోజులు అక్కడ ఉండి టమాటలు పండించాడు. చిన్న చిన్న కాయలు. ఒకసారి ఆయన వాటాకొచ్చిన రెండు కాయలు ఒక సంచిలో పెట్టుకుంటే సంచి తేలుతూ ఎటో పోయింది. గంటల కొద్దీ వెతికాడు. తోటివాళ్ళు నవ్వుతూ నువ్వే తిని ఉంటావన్నారు. 2023 జులై నాటికి మన దగ్గర కిలో టమాట నూట యాభై దాటిపోయి, మార్కెట్లో టమాట గంపకు కాపలా పెట్టుకున్న రోజులవి. సరిగ్గా అప్పుడు పైన ఒక పెద్దమనిషి రెండు టమాటలు మాయం చేశాడన్న నింద మోస్తున్నాడు. ఆయన భూమికి తిరిగొచ్చాక, ఆ డిసెంబర్‌లో దొరికాయి. ఎండి, నలిగి, రంగు మారి, కానీ కుళ్ళకుండా. అంటే ఎనిమిది నెలలకు పైగా నింద. మా ఊళ్ళో అయితే ఈలోపు పంచాయితీ అయ్యేది, జరిమానా కట్టించేవాళ్ళు, దొరికాక జరిమానా తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు.

మిరపకాయ సంగతి కూడా చెప్పాలి. 2021లో న్యూ మెక్సికో రకం మిరప పెంచారు, 137 రోజులు పట్టింది. మామ వేళ్ళ మీద లెక్కపెట్టి, మందులెన్నిసార్లు కొట్టారని అడిగాడు. వాళ్ళకు మిరపకాయ మీద అంత మోజు ఎందుకంటే, గ్రావిటీ లాగకపోతే ఒంట్లో నీళ్ళు కాళ్ళ నుంచి తలకు చేరుతాయి. మొహం ఉబ్బుతుంది, ముక్కు జలుబు చేసినట్టు బిగుసుకుంటుంది, తిండి చప్పగా తోస్తుంది. అందుకని కారం కావాలంటారు. ఈ ఒక్క విషయంలో మా అత్తమ్మకు ఎవరూ సాటి రారు, ఒక డబ్బా ఎల్లిపాయ కారం పంపితే ఏడుగురికి ఆరు నెలలు ముక్కులు తెరుచుకుంటాయి. కాకపోతే పొడి పనికిరాదు. ఉప్పు, మిరియాలు కూడా అక్కడ ద్రవంగానే ఇస్తారు, పొడి ఎగిరితే కళ్ళల్లో పడుతుంది, యంత్రాల్లో పడుతుంది. బ్రెడ్డు కూడా నిషేధం లాంటిదే, పొడి రాలుతుందని. 1985లో ఒక మెక్సికో వ్యోమగామి తమ దేశపు రొట్టెలు పట్టుకుపోయినప్పటి నుంచి ఆ మెత్తని రొట్టెలే అక్కడి ప్రధాన ఆహారం. జొన్న రొట్టె పంపుదామా అని పాలమూరు అభిమానంతో ఆలోచించాను. వేడి మీద సరే, చల్లారాక మా జొన్న రొట్టె విరిచిన చప్పుడుకు అక్కడ అలారం మోగుతుంది.

కల్లు విషయం మా మామే ఎత్తాడు. శాస్త్రం దృష్టిలో ఇది చాలా గంభీరమైన ప్రశ్న. కల్లుకు అందం నురగ. బుడగ పైకి రావాలంటే పైన అనేది ఉండాలి. అక్కడ బుడగలు కల్లు మధ్యలోనే ఎక్కడివక్కడ కూర్చుంటాయి. అదొక ఎత్తు. తాగాక కడుపులో కూడా గాలీ ద్రవమూ వేరు కావు, తేన్పు వస్తే ఒక్క గాలే రాదు, అన్నీ కలిసే వస్తాయి. అందుకే సోడాలు, కూల్‌డ్రింకులు అక్కడ అచ్చిరావు. "అయితే మనకొద్దు తియ్," అన్నాడు మామ. వ్యోమగామి కావాలన్న ఆయన ఆశ అక్కడితో చచ్చిపోయింది.

శుక్లా వెంట పోయినవాళ్ళలో నాకు మావాళ్ళు అనిపించింది మాత్రం టార్డిగ్రేడ్లు. నీటి ఎలుగు అంటారు, కంటికి ఆననంత జీవి. బెంగళూరు ఐఐఎస్సీ ప్రయోగం. నీళ్ళు లేకపోతే చావదు. ముడుచుకుని, ఎండి, ఏళ్ళకేళ్ళు పడి ఉంటుంది. చుక్క నీళ్ళు తగలగానే కాళ్ళు చాపి లేచి తిరుగుతుంది. ఇది ఎట్లా సాధ్యమని దేశదేశాల శాస్త్రవేత్తలు తలలు పట్టుకుంటున్నారు. మా దగ్గరికొచ్చి మే నెలలో చూసి, జులైలో మొదటి వాన పడ్డాక మళ్ళీ చూస్తే సరిపోయేది.

ఇంత వెటకారం చేసినా ఒక మాట ఒప్పుకోవాలి. గ్రావిటీని పక్కకు తప్పించి చూడటంలో అర్థం ఉంది. మన చుట్టూ జరిగే ప్రతి పనిలో అది వేలు పెడుతుంది, మనకు అలవాటై కనబడదు. దీపం మంట ఎందుకు పైకి మొన తేలి ఉంటుంది? వేడి గాలి తేలికై పైకి పోతుంది కాబట్టి. అక్కడ దీపం పెడితే మంట గుండ్రని నీలం బంతి అవుతుంది. ద్రావణంలో స్ఫటికాలు పెరుగుతుంటే ఇక్కడ బరువుకు అడుగుకు దిగుతాయి, ప్రవాహాలు కలతపెడతాయి. అక్కడ నిదానంగా, ఒకే సైజులో పెరుగుతాయి. పెంబ్రోలిజుమాబ్ అనే క్యాన్సర్ మందు స్ఫటికాలను 2017లో అక్కడే పెంచి చూశారు, సెలైన్‌లాగా నరంలోకి ఎక్కించే మందును ఒక సూదితో ఇవ్వగలమా అని. ఇంట్లో పెత్తనం చేసే ముసలాయన ఊరికి పోయినప్పుడే ఎవరి గుణం ఏమిటో బయటపడ్డట్టు, గ్రావిటీ లేనప్పుడు నీళ్ళు, నిప్పు, ఎముక, వేరు తమ అసలు బుద్ధి చూపిస్తాయి. మా అత్తమ్మ ఈ పోలికను బాగా మెచ్చుకుంది. మామ మెచ్చుకోలేదు.

చివరిగా చెప్పాల్సిన సంగతి ఒకటి మిగిలిపోయింది, నిజానికి దానికోసమే ఇదంతా రాయడం. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులో కూడా గాలి పూర్తిగా అయిపోదు. పలచటి పొరగా ఉంటుంది. ఆ రాపిడికి కేంద్రం నెలకు రెండు కిలోమీటర్ల దాకా కిందికి దిగుతుంది. అందుకని అప్పుడప్పుడూ ఇంజిన్లు మండించి దాన్ని మళ్ళీ పైకి తోస్తారు. ఇది విన్నప్పుడు మామ మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"అంటే వాళ్ళది గూడ ఎత్తిపోతలే!"

ఆలోచిస్తే అంతే. ఐదు అంతరిక్ష సంస్థలు కలిసి పాతికేళ్ళుగా నడుపుతున్నది ఒక ఎత్తిపోతల పథకం. ఎత్తేది నీళ్ళను కాదు, మనుషులను. ఎత్తడం ఆపితే పడిపోతుంది. 2030 దాటాక ఆపేస్తారు కూడా. దించే బండి తయారు చేసే పని 2024లో స్పేస్‌ఎక్స్‌కు ఇచ్చారు, పసిఫిక్ సముద్రంలో మనుషులకు దూరంగా పడేస్తారు. నాకు ఇక్కడే అనుమానం వచ్చింది. ఒక ఎత్తిపోతల పథకాన్ని కట్టి, పాతికేళ్ళు ఆగకుండా నడిపి, ఎప్పుడు మూస్తారో తేదీ ముందే చెప్పి, మూసే కాంట్రాక్టు కూడా ఆరేళ్ళ ముందే ఇచ్చినవాళ్ళు వీళ్ళు. మా వైపు నుంచి ఒక అఖిలపక్ష బృందం వెళ్ళి చూసి రావాలి. పరిశోధన కోసం కాదు, ఫైలు ఎట్లా కదిలిందో కనుక్కోవడానికి. గ్రావిటీ బాధితుల తరఫున వినతిపత్రం నేను రాసిస్తాను, మామ వేలిముద్ర వేస్తానన్నాడు. సంతకం వచ్చు ఆయనకు, కానీ వేలిముద్రకు బరువు ఎక్కువని ఆయన నమ్మకం.

మొన్న చలికాలంలో తోటకు పోయినప్పుడు చీకటి పడే వేళ కేంద్రం మా మీదుగా పోయింది. ఫోన్‌లో టైము చూసి ఆయన్ను బయటికి పిలిచాను. పడమటి నుంచి ఒక పెద్ద చుక్క, మినుకు మినుకు అనకుండా, చప్పుడు లేకుండా లేచి, కొండ మీది నుంచి నడినెత్తికి వచ్చింది.

"గదేనా?"

"అదే. ఏడుగురు దాకా ఉంటరు దాంట్ల. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టొస్తది. రోజుకు పదహారు పొద్దులు వాళ్ళకు."

"పదహారు సార్లు లేసి మోటరు ఎయ్యాల్నా?"

నేను జవాబు చెప్పేలోపు వెనకాల చీకట్లో ఏదో టప్పుమంది. మామ తల దించలేదు, పైకి చూస్తూనే ఉన్నాడు.

"ఇంకోటి," అన్నాడు.